చెన్నై కోటకు పోయే ముందు చంద్రగిరికి రండి

చిరంజీవులైన మనవడికీ, మనవరాలికీ తిరుపతి నుంచి తాత దీవెనలు.

సంక్రాంతి సెలవుల్లో మీ నాయన మిమ్మల్ని చెన్నై కోటకు, పులికాట్‌కు తీసుకుపోతున్నాడని, గైడు వెంట నడిచి అన్నీ చూస్తారని మీ అవ్వ చెప్పింది. చాలా సంతోషం. అయితే ముందు ఇక్కడ దిగి, చంద్రగిరి చూసి పోండి. మన తిరుపతికి కూతవేటు దూరమే.

ఎందుకు రమ్మంటున్నానో చెప్తాను. చెన్నైలో, పులికాట్‌లో ఉన్న ఆ రెండు కోటలకూ చోటిచ్చింది మన చంద్రగిరి నుంచి ఏలిన విజయనగర రాజులే. వేంకటపతి రాయల అనుమతితో పులికాట్‌లో దిగిన డచ్చివాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. 1639 ఆగస్టు 22న దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి సముద్రం ఒడ్డున చోటు రాసిచ్చాడు. ఆయన చంద్రగిరి రాజు కింది నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరే చెన్నపట్నానికి వచ్చింది. ఆ అనుమతి మన చంద్రగిరి కోటలోని రాజమహల్లోనే ఇచ్చారని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ మహలు గోడల్లో, కప్పుల్లో ఎక్కడా కొయ్య లేదు, అంతా రాయి, ఇటుక, సున్నమే. తలెత్తి చూడండి.

వాళ్లు ఓడలేసుకుని వచ్చింది బట్టల కోసం. మన నేతగాళ్లు నేసిన నూలుబట్టలు తీసుకుపోయి, తూర్పు దీవుల్లో ఇచ్చి మిరియాలు, లవంగాలు కొనేవాళ్లు. ఆ సరుకు దాచడానికి గిడ్డంగులు కట్టారు, వాటి చుట్టూ గోడలు లేపారు, గోడల మీద ఫిరంగులు పెట్టారు. డచ్చివాళ్లు పులికాట్ నుంచి బట్టలతో పాటు మనుషుల్ని కూడా బానిసలుగా ఓడలెక్కించారు. గైడు ఆ సంగతి దాటేస్తే మీరే అడగండి.

చెన్నై కోటలో ఇప్పుడు కనబడే పెద్ద గోడలు, అగడ్త మొదటినాటివి కావు. 1746లో ఫ్రెంచివాళ్లు కోట పట్టుకున్నారు. అది 1749లో తిరిగి చేతికొచ్చాక ఇంగ్లీషువాళ్లు వాటిని బలంగా కట్టుకున్నారు. అక్కడ నిలబడి ఉత్తరం వైపు చూడండి, హైకోర్టు కనిపిస్తుంది. ఒకప్పుడు అది మనవాళ్లు కాపురమున్న పట్నం. నేతగాళ్లు, కోమట్లు, తెల్లవాళ్లకు మాటలు తర్జుమా చేసి బేరాలు కుదిర్చే దుబాసీలు, అందరి ఇళ్లూ అక్కడే. యుద్ధాల రోజుల్లో, శత్రువుకు చాటు దొరకకూడదని, కోట ఫిరంగులకు అడ్డం ఉండకూడదని ఆ ఇళ్లన్నీ కూలగొట్టారు. నేను ఆ చోట చాలాసేపు నిలబడిపోయాను.

పొద్దున్నే నడవండి, చెప్పులు గట్టివి వేసుకోండి. చెన్నై కోటలో ప్రభుత్వ సచివాలయం ఉంది కాబట్టి గుర్తింపు కార్డు మరవద్దు. బస్సు ఎక్కగానే ఫోన్ చేయండి, స్టాండు దగ్గర ఉంటాను.

మీ తాత