చాట్స్‌వర్త్ బంగళా: గైడుగా నేను రోజూ వినే అపోహలు

ఇంగ్లండ్‌లో ఉంటున్న పిల్లల దగ్గరికి వేసవిలో వచ్చే అమ్మానాన్నలను ఊళ్ళు తిప్పి చూపించడం నా పని. మాంచెస్టర్ నుంచి గంటన్నర ప్రయాణం చేస్తే డెర్బీషైర్ కొండల మధ్య చాట్స్‌వర్త్ వస్తుంది. కావెండిష్ వంశం వారి ఇల్లు ఇది. డెవన్‌షైర్ డ్యూకులంటే వీళ్ళే. బిరుదులో డెవన్‌షైర్ ఉందని ఇల్లు అక్కడుంటుందనుకుని వెతికినవాళ్ళూ ఉన్నారు. అది మొదటి అపోహ. మిగతావి కారు దిగకముందే మొదలవుతాయి.

అపోహ: ఇదంతా మన దగ్గర దోచుకున్న సొమ్మే.

ఈ మాట అనకుండా వెనక్కి వెళ్ళిన గ్రూపు ఇంతవరకూ లేదు. వేల్స్‌లోని పోవిస్ కోటలో క్లైవ్ కుటుంబం చేర్చిన టిప్పు సుల్తాన్ వస్తువుల ముందు నిలబడి ఆ మాటంటే కాదనను. ఇక్కడి పునాది వేరు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ 1530లలో క్రైస్తవ మఠాలను మూసేసి ఆస్తులు లాక్కున్నప్పుడు, ఆ లెక్కలు రాసిన ఉద్యోగుల్లో విలియం కావెండిష్ ఒకడు. ఆ పనిలో తనకూ భూములు చేరాయి. భార్య బెస్ ఈ జిల్లా ఆడపడుచు. ఆవిడే పట్టుబట్టి, ఎక్కడెక్కడో ఉన్న ఆ భూములు అమ్మించి, పుట్టింటి వైపు కొనిపించింది. 1549లో చాట్స్‌వర్త్ కొన్న ధర 600 పౌండ్లు. అంటే దోపిడీ లేదని కాదు, దోచింది సొంత దేశపు మఠాలను. తర్వాత గనులు కలిశాయి. 1748లో జరిగిన ఒక పెళ్ళి వల్ల ఆపైన ఐర్లండ్ భూములూ వచ్చాయి. ఐరిష్ వాళ్ళు వస్తే వాళ్ళ లెక్క వాళ్ళకుంటుంది. మనకు సంబంధం లేకపోలేదు: తర్వాత ఎనిమిదో డ్యూక్ అయిన హార్టింగ్టన్ ప్రభువు 1880 నుంచి 1882 దాకా లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి.

అపోహ: ఇదిగో, ఈ గదిలోనే మేరీ రాణిని బంధించారు.

మొదట్లో నేనూ ఇలాగే చెప్పేవాణ్ణి. రిటైరైన చరిత్ర మాస్టారు ఒకాయన పైకప్పు కేసి చూసి, "బాబూ, ఇది ఆ కాలపు పనితనంలా లేదే" అన్నారు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ రాత్రి కూర్చుని చదువుకున్నాను.

స్కాట్లండ్ రాణి మేరీ 1569 తర్వాత పలుమార్లు ఇక్కడ ఖైదీగా ఉన్న మాట నిజం. కాపలా బాధ్యత బెస్ నాలుగో భర్తది. కానీ బెస్ కట్టించిన ఇల్లు ఇప్పుడు లేదు. 1687లో ఆమె వారసుడు దక్షిణం వైపు ఒక్కటే మార్చుదామని పడగొట్టాడు. అది అయ్యాక ఇంకో వైపు, ఆ తర్వాత మరోటి. ఇల్లు కట్టి చూడు అన్నది ఆయనకు బాగా తెలిసొచ్చి ఉంటుంది: 1707లో పని ముగిసింది, ఆయనా అదే ఏడాది పోయాడు. మేరీ పేరు పెట్టుకున్న గదులు మళ్ళీ 19వ శతాబ్దంలో కొత్త రూపు దిద్దుకున్నవి. బెస్ కాలం నాటిది చూడాలంటే గుట్ట మీద వేట బురుజు ఉంది, మోకాళ్ళు బాగుంటే ఎక్కండి.

అపోహ: కిటికీ చట్రాలకు బయట బంగారం పూయడం ఒట్టి డాబు.

డాబు కొంత ఉంది. కానీ బంగారు రేకు అతికించిన చెక్క, రంగు వేసిన దానికంటే ఎక్కువ కాలం వానకు తట్టుకుంటుంది.

అపోహ: సంగీతం గదిలో తలుపు వెనక వయోలిన్ వేలాడుతోంది.

అది బొమ్మ. తలుపు మీద వేసిన రంగులు, అంతే. దాని నీడ కూడా బొమ్మే. దగ్గరికి వెళ్ళి చూసినా కళ్ళు ఒప్పుకోవు.

అపోహ: ఆ పెద్ద ఫౌంటెన్‌కు మోటారు ఉంటుంది.

మోటారూ లేదు, పంపూ లేదు. రష్యా జార్ చక్రవర్తి నికోలస్ వస్తాడని ఆరో డ్యూక్ 1844లో తన తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ చేత కట్టించాడు. పైన గుట్ట మీద చెరువు తవ్వి, గొట్టంలో నీళ్ళు దింపారు. ఆ వాలు జోరుకే 296 అడుగుల దాకా చిమ్మిన రికార్డు ఉంది. గడువు ముంచుకొస్తోందని రాత్రుళ్ళు దీపాలు పెట్టి మరీ తవ్వారు. జార్ ఆ ఏడాది ఇంగ్లండ్ వచ్చాడు, చాట్స్‌వర్త్‌కు మాత్రం రాలేదు.

అపోహ: డబ్బుల్లేక ఈమధ్యే టికెట్లు పెట్టి జనాన్ని రానిస్తున్నారు.

జనం రావడం కొత్తేమీ కాదు. 1849లో దగ్గరి ఊరికి రైలు పడగానే ఆ వేసవిలోనే 80,000 మంది వచ్చారు.

అపోహ: ఎంతైనా డ్యూక్ సొంతిల్లు కదా, ఆయనకేం టెన్షన్!

ఇక్కడ మాత్రం నేను కాస్త ఎక్కువసేపు నిలబెట్టి చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళకు వాటాలు, పన్నులు చెబితే ఇట్టే అర్థమవుతాయి.

పదో డ్యూక్ పెద్దకొడుకు 1944లో యుద్ధంలో చనిపోయాడు. ఆస్తి రెండో కొడుకు ఆండ్రూ వైపు మళ్ళింది. తండ్రి 1946లో ఆస్తిని ముందుగానే రాసిచ్చాడు. అప్పటి చట్టం ప్రకారం రాసిచ్చాక ఐదేళ్ళు బతికుంటే మరణ పన్ను పడదు. 1950 నవంబరులో, గడువుకు పద్నాలుగు వారాల ముందు ఆయన కన్నుమూశాడు. పన్ను నూటికి 80 వంతులు.

ఆ పన్ను వ్యవహారం తేలడానికి పదిహేడేళ్ళు పట్టింది. వేల ఎకరాలు అమ్మారు. హోల్బైన్ గీసిన ఎనిమిదో హెన్రీ చిత్రం, మెమ్లింగ్ చిత్రం, గ్రీకు కంచు తల లండన్ మ్యూజియాలకు పోయాయి. బెస్ ముసలితనంలో కట్టించుకున్న హార్డ్‌విక్ హాల్‌ను ప్రభుత్వానికి అప్పజెప్పారు. ఒక ఇంటిని నిలుపుకోవడానికి మరో ఇంటిని వదులుకోవడమన్నమాట. చాట్స్‌వర్త్‌లో అప్పటికి కుటుంబం లేనేలేదు. యుద్ధకాలంలో సైనికులొస్తే పాడుచేస్తారని ముందుచూపుతో ఒక బాలికల పాఠశాలకు ఇచ్చారు. అద్దాలూ చిత్రాలూ ఉండాల్సిన హాళ్ళలో మూడొందల మంది ఆడపిల్లల మంచాలు. ఆండ్రూ, భార్య డెబొరా కాపురానికి వచ్చింది 1959లో.

1981 నుంచి ఇల్లు ఒక ట్రస్టు చేతిలో దీర్ఘకాలిక లీజుకు ఉంది. డ్యూక్ కుటుంబం తాముండే గదులకు ఆ ట్రస్టుకే అద్దె కడుతుంది. "సొంతింట్లో అద్దెకా!" అని ముక్కున వేలేసుకుంటారు అందరూ.

అపోహ: మన తోటల్లో వేసే జీ-9 రకం అరటి ఇక్కడ పుట్టింది.

ఇది కొంచెం చదివొచ్చినవాళ్ళ అపోహ. పచ్చిక మీద కూర్చుని డబ్బాల్లో తెచ్చుకున్న పెరుగన్నం తింటూ, పులివెందుల నుంచి వచ్చిన రైతు పెద్దాయన ఒకరు అరటిపండు ఒలుస్తూ అడిగారు. పుట్టింది చైనా దక్షిణాన. మారిషస్ మీదుగా ఇంగ్లండ్ చేరిన మొక్కను పాక్స్‌టన్ ఇక్కడి గాజు ఇంట్లో, బొగ్గు వేడితో పెంచి, 1835లో పూయించాడు. యజమాని ఇంటిపేరే దానికి పెట్టారు: కావెండిష్. జీ-9 ఆ కావెండిష్ అరటి జాతిలోదే. ఇక్కడి నుంచి వెళ్ళింది పేరు.

పెద్దాయన తొక్క చేతిలో పట్టుకుని బంగళా వైపు కాసేపు చూశారు. "నేను ఇరవై ఏళ్ళుగా వేస్తున్నా, ఎవరూ చెప్పలేదే" అని ఇంకో పండు తీశారు.