సైట్ ఇంజినీరు సంతకానికా, పనికా? నిర్మాణ ఒప్పందాల్లో పర్యవేక్షణ: అపోహలు - వాస్తవాలు

టెండరు పత్రాల్లో అందరూ పెన్ను పట్టుకుని చదివే పేజీలు కొన్ని ఉంటాయి: అంచనా విలువ, గడువు, బిల్లుల చెల్లింపు, ఆలస్యానికి జరిమానా. ఎవరూ ఆగని పేజీ కూడా ఒకటి ఉంటుంది. కాంట్రాక్టర్ తరఫున సైట్‌లో ఎంతమంది ఇంజినీర్లు, ఏ అర్హతతో, ఎంత అనుభవంతో ఉండాలో చెప్పే పట్టిక అందులో ఉంటుంది. నేను కొన్నేళ్లు కాంట్రాక్టర్ల దగ్గర, ఆ తర్వాత కన్సల్టెంట్ల దగ్గర పనిచేశాను. ఆ పట్టిక గురించి రెండు చోట్లా విన్న మాటలు దాదాపు ఒకటే. తరచుగా వినిపించేవాటిని ఇక్కడ తీసుకున్నాను. ప్రభుత్వ పనుల విషయంలో కేంద్ర ప్రజా పనుల శాఖ, అంటే సీపీడబ్ల్యూడీ, సాధారణ నిబంధనలే నా ఉదాహరణ. రాష్ట్ర శాఖల టెండర్లలో మాటలు, మొత్తాలు మారతాయి. మీ ఒప్పందంలో ఏముంటే అదే మీకు చెల్లుతుంది.

అపోహ: ప్రభుత్వ పనికి ఏఈ ఉంటారు కదా, కాంట్రాక్టర్‌కు వేరే ఇంజినీరు దేనికి?

ఏఈ, అంటే శాఖ అసిస్టెంట్ ఇంజినీరు, యజమాని తరఫు మనిషి; ఇక్కడ యజమాని పని చేయిస్తున్న శాఖ. ఆయన పరిధిలో ఒక పాఠశాల భవనం, ఒక సీసీ రోడ్డు, ఒక కల్వర్టు ఒకేసారి నడుస్తుంటాయి. ముఖ్యమైన దశల్లో వచ్చి చూస్తారు, పరీక్షలు చేయిస్తారు, కొలతలు ఎం-బుక్‌లో, అంటే బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకంలో, రాస్తారు, పై అధికారి వాటిని సరిచూస్తారు. పొద్దున్నే మార్కింగ్ ఇవ్వడం, రాడ్ బెండర్ వంచిన కడ్డీలను డ్రాయింగ్‌తో పోల్చడం, మట్టి ఎక్కువున్న ఇసుక లారీని వెనక్కు పంపడం, సెంట్రింగ్ లెవెల్ పట్టడం ఆయన పనులు కావు. పేపర్లు దిద్దే మాస్టారు ఉన్నారు కదా అని విద్యార్థి పరీక్ష రాయడం మానడు.

సీపీడబ్ల్యూడీ నిబంధన ఈ సంగతిని మొదటి వాక్యంలోనే తేల్చేస్తుంది. పని జరిగినన్నాళ్లూ, ఆ తర్వాత ఒప్పందపు బాధ్యతలు తీరేదాకా అవసరమైన మేరకు, పర్యవేక్షణ ఏర్పాటు చేయాల్సింది కాంట్రాక్టరే. విదేశీ రుణంతో సాగే పెద్ద పనుల్లోనూ, మనవాళ్లు ఎందరో పనిచేసే గల్ఫ్ సైట్లలోనూ కనిపించే ఫిడిక్ (అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజినీర్ల సమాఖ్య) నమూనా ఒప్పందాలదీ ఇదే దారి. 1999 నాటి ఫిడిక్ ఎర్ర పుస్తకం (ఆ నమూనాల్లో నిర్మాణ పనులది) ఇంకో షరతు కూడా పెట్టింది: పర్యవేక్షించేవాళ్లకు ఒప్పందంలో సమాచారానికి నిర్ణయించిన భాష తగినంత వచ్చి ఉండాలి. మన దగ్గర దీన్ని కింది వరుస వరకూ పొడిగించాలని నా అభిప్రాయం. బెంగాల్, ఒడిశా, బిహార్ల నుంచి వచ్చిన పనివాళ్లతో సైట్లు నడుస్తున్న రోజులివి. డ్రాయింగ్ ఎంత బాగా చదివినా, ఎదురుగా ఉన్న మనిషికి ‘ఈ కడ్డీ పైకి రావాలి’ అని అతని భాషలో చెప్పలేని ఇంజినీరు సగం ఇంజినీరే.

అపోహ: పేరు, డిగ్రీ కాగితం జతచేస్తే నిబంధన తీరిపోయినట్టే.

అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనని వ్యవహారం ఇది. టెండరు దక్కగానే ఒక డిగ్రీ కాగితం శాఖకు వెళ్తుంది. ఆ డిగ్రీ ఉన్న మనిషి మరెక్కడో ఉద్యోగం చేసుకుంటూ ఉంటాడు. అదే కాగితం అదే నెలలో మరో జిల్లా పనిలో కనిపించినా ఎవరూ ఆశ్చర్యపోరు. సైట్‌లో ఉండేది సిమెంటు బస్తాల లెక్క రాసుకునే కుర్రాడు.

నిబంధనలు రాసినవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. పాత పుస్తకాల్లో 36వ క్లాజుగా అందరూ గుర్తుపెట్టుకున్న సీపీడబ్ల్యూడీ నిబంధనను నెమ్మదిగా చదవండి, ప్రతి వాక్యం వెనుకా ఎవరో ఒకప్పుడు వేసిన ఎత్తుగడ కనిపిస్తుంది. పని మొదలుపెట్టే ముందే ఇంజినీరు పేరు, అర్హత, అనుభవం రాసిచ్చి శాఖ ఆమోదం తీసుకోవాలి. ఆ ఇంజినీరు మరో పని చూడకూడదు. పని సాగే అన్ని దశల్లోనూ, ముఖ్యంగా కొలతలు తీసేటప్పుడు, సైట్‌లో ఉండాలి. శాఖ ఇచ్చిన ఆదేశాలను సైట్ ఆర్డర్ బుక్‌లో నమోదు చేసుకుని సంతకం పెట్టాలి. రెండు రోజులకు మించి సైట్‌కు రాకపోతే, ఆమోదం పొందిన మరొకరు ఆ స్థానంలో ఉండాలి.

నాకు అన్నింటికంటే నచ్చేది బిల్లుతో జతచేయాల్సిన రుజువు. ఆ ఇంజినీరు నిజంగా తన ఉద్యోగేనని చూపడానికి కాంట్రాక్టర్ ప్రతి బిల్లుతో పాటు ఫారం-16 (జీతంలో కోసిన ఆదాయపు పన్నుకు ధ్రువపత్రం) గానీ భవిష్యనిధి కోత కాగితం గానీ ఇవ్వాలి. డిగ్రీ కాగితాన్ని అద్దెకు తెచ్చుకోవచ్చు. ప్రతి నెలా జమయ్యే భవిష్యనిధిని అద్దెకు తేవడం అంత తేలిక కాదు. బిల్లు పాస్ చేసే చోట ఈ కాగితాన్ని తప్పనిసరిగా అడిగితే సగం బెడద అక్కడే తీరుతుంది. అడగరు, అది వేరే కథ.

అపోహ: కాంట్రాక్టరే సివిల్ ఇంజినీరైతే మరొకరు అక్కర్లేదు.

కావాలి. కాంట్రాక్టర్ గానీ, సంస్థ భాగస్వామి గానీ స్వయంగా ఇంజినీరైనా ఎఫ్ షెడ్యూలులో, అంటే మొదట చెప్పిన పట్టిక, కోత రేట్లు ఉండే జాబితాలో, చెప్పిన సాంకేతిక ప్రతినిధులను నియమించాల్సిందేనని సీపీడబ్ల్యూడీ నిబంధన విడిగా, స్పష్టంగా చెబుతుంది. బ్యాంకుకు, స్టీలు దుకాణానికి, శాఖ కార్యాలయానికి తిరగాల్సిన మనిషి రోజంతా సెంట్రింగ్ మీద నిలబడలేడు.

అపోహ: ఇంజినీరును పెట్టకపోతే బిల్లులో నెలకు ఇంత అని కోస్తారు, అంతేగా? జీతం కంటే అదే చవక.

ఇలా లెక్క వేసేవాళ్లను చాలామందిని చూశాను. లెక్క పైకి సరిగ్గానే కనిపిస్తుంది. షెడ్యూలులో పాత రేట్లు ఉన్నచోట మంచి ఇంజినీరు జీతం కంటే కోత తక్కువే ఉండవచ్చు. అది టెండరు తయారుచేసేవాళ్లు దిద్దుకోవాల్సిన తప్పు. జీతం కంటే తక్కువ కోత పెట్టడమంటే ఇంజినీరు వద్దని చెప్పడమే.

అయితే ఆ లెక్కలోకి రానివి రెండున్నాయి. కోసిన డబ్బు తిరిగి ఇవ్వరని మాత్రమే చాలామందికి తెలుసు. మొదటిది, తగిన ప్రతినిధి వచ్చేవరకు పనినే ఆపే అధికారం ఇంజినీర్-ఇన్-చార్జికి, అంటే ఆ పనికి బాధ్యుడైన శాఖ అధికారికి, ఉంది. అలా ఆగిన రోజుల ఆలస్యానికి బాధ్యత కాంట్రాక్టర్‌దే, కాబట్టి గడువు పెంపు కోరేటప్పుడు ఆ రోజులు అక్కరకు రావు. రెండోది ఎం-బుక్. తన మనిషి లేనప్పుడు సైట్ ఆర్డర్ బుక్‌లో రాసిన నిర్ణయమూ, పుస్తకాల్లో నమోదైన కొలతలూ కాంట్రాక్టర్‌కు తుది మాట అవుతాయి. పునాది తవ్వకంలో ఎంత రాయి వచ్చింది, ఎంత మెత్తని నేల వచ్చింది అనే తగవులో ఆ రోజు అక్కడ మన ఇంజినీరు లేకపోతే పోయే మొత్తం ఒక ఏడాది జీతాన్ని దాటిపోవచ్చు.

అపోహ: శాఖ ఇంజినీరు చూసి ‘సరే, పోసుకోండి’ అన్నారు. ఇక బాధ్యత ఆయనదే.

కాదు. ఇంజినీరు ఇచ్చిన ఆమోదం, చేసిన తనిఖీ, పెట్టిన సంతకం, ఇవేవీ కాంట్రాక్టర్‌ను బాధ్యత నుంచి తప్పించవని ఫిడిక్ నేరుగా రాసింది. తిరస్కరించకపోయినంత మాత్రాన ఆమోదించినట్టు కాదని కూడా చెప్పింది. ‘మీరు చూశారు కదా’ అన్న వాదన అందుకే నిలవదు.

దీని అర్థం చూసిన ఇంజినీరుకు ఏ పూచీ లేదని కాదు. తన శాఖకు ఆయన జవాబు చెప్పుకోవాలి. కానీ ఆ జవాబుదారీ కాంట్రాక్టర్ బాధ్యతకు అదనం, ప్రత్యామ్నాయం కాదు.

కప్పేసే పనుల విషయంలో ఇది ఇంకా కఠినం. పునాదిని మట్టితో పూడ్చే ముందు, అంటే కొలతకు, తనిఖీకి అందకుండా పోయే ఏ పనికైనా ముందు, ఏడు రోజులకు తగ్గకుండా రాతపూర్వకంగా తెలియజేయాలని సీపీడబ్ల్యూడీ నిబంధన. చెప్పకుండా కప్పేస్తే తన ఖర్చుతో విప్పి చూపాలి, లేదంటే ఆ పనికి డబ్బు రాదు. ‘ఫోన్‌లో చెప్పాను సార్’ అనే మాట ఇక్కడ పనికిరాదు.

అపోహ: స్లాబు పోసే రోజు ఇంజినీరు ఉంటే చాలు.

స్లాబు రోజు అందరూ ఉంటారు. కొబ్బరికాయ కొడతారు, ఫొటోలు తీసుకుంటారు. అసలైన తప్పులు అంతకు ముందు మూడు రోజుల్లోనూ, ఆ తర్వాత రెండు వారాల్లోనూ జరుగుతాయి.

ఒకసారి పోసిన కాంక్రీటును మార్చడం చాలా కష్టమూ, ఖరీదూ కాబట్టి నిరంతరం, కచ్చితంగా పర్యవేక్షించాలనీ, ఉక్కును కప్పే ముందు సరిచూడటం అత్యంత ముఖ్యమనీ మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456:2000 చెబుతుంది. కాంక్రీటు పోసే ముందే కాదు, సెంట్రింగ్ విప్పే ముందు కూడా పర్యవేక్షకుడికి తగినంత ముందుగా తెలియజేయాలని అదే ప్రమాణం అంటుంది. ఈ రెండో మాట పాటించే సైట్లు అరుదు.

ముందు రోజు చూడాల్సినవాటిలో నేను మొదట చూసేది బాల్కనీ, సన్‌షేడు కడ్డీలు. గోడ నుంచి బయటికి పొడుచుకు వచ్చే స్లాబులో ప్రధాన కడ్డీ పైభాగంలో ఉండాలి. సాయంత్రం సరిగ్గానే కడతారు. మర్నాడు గమేళాలతో నడిచేవాళ్లు, పంపు పైపు లాగేవాళ్లు తొక్కీ తొక్కీ అది కిందికి దిగిపోతుంది. బలమైన చైర్లు (పై కడ్డీని ఎత్తి పట్టే ఆధారాలు) పెట్టి, నడవడానికి పలకలు వేయించే మనిషి అక్కడ ఉండాలి. కాంక్రీటు పడ్డాక ఆ కడ్డీ ఎక్కడుందో కంటికి కనిపించదు, సెంట్రింగ్ తీసినప్పుడు తెలుస్తుంది. కడ్డీకీ సెంట్రింగ్‌కూ మధ్య ఎడం ఉంచే కవర్ బ్లాకుల బదులు రాయి ముక్కలు పెట్టడం, స్టిరప్ (ప్రధాన కడ్డీలను చుట్టే రింగు) కొక్కాలను 135 డిగ్రీలకు బదులు 90 దగ్గరే వదిలేయడం, కడ్డీల అతుకులన్నీ ఒకే చోట వేయడం కూడా ముందు రోజు పట్టుకోవాల్సినవే. మర్నాడు పంపు లారీ గేటు దగ్గర నిలబడ్డాక ఎవరూ ఎవరి మాటా వినరు.

తర్వాతి వారాల సంగతి. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుతో, సరైన క్యూరింగ్‌తో (నీళ్లతో తడిగా ఉంచడం), ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపు ఉన్న స్లాబు కింద పోటీలు (బరువు మోసే నిలువు ఆధారాలు) 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. బీములకైతే 6 మీటర్ల లోపు 14 రోజులు, ఆపైన 21 రోజులు. ఇక్కడో చిక్కుంది. ఇప్పుడు దుకాణంలో ఎక్కువగా దొరికేది బూడిద కలిసిన పీపీసీ సిమెంటు. అది మొదట్లో నెమ్మదిగా బలపడుతుంది, కాబట్టి ఈ గడువులను తగినట్టు మార్చుకోవాలని ప్రమాణమే చెబుతుంది. క్యూరింగ్ కూడా అంతే: మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటుకు 10, మన ఎండాకాలం లాంటి వేడి, పొడి వాతావరణంలో అవే వరుసగా 10, 14 రోజులు. సెంట్రింగ్ సామాను అద్దెకు తెచ్చినవాడు ఐదో రోజుకే విప్పడానికి వస్తాడు. అతన్ని ఆపగలిగే అధికారం, అందుకు కారణం చెప్పగలిగే చదువు రెండూ ఉన్న మనిషి ఆ రోజు సైట్‌లో ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న.

అపోహ: క్యూబులు పాసయ్యాయి, ఇంకేం కావాలి?

క్యూబు అంటే బలం పరీక్షించడానికి పోసే కాంక్రీటు దిమ్మ. అది లారీ తెచ్చిన మిక్సు గురించి చెబుతుంది, స్లాబు గురించి కాదు. 28 రోజులు నీళ్లలో మునిగి ఉన్న క్యూబుకూ, మూడో రోజుకే ఎండిపోయిన స్లాబుకూ పోలిక తక్కువ. నమూనా తీశాక మిక్సులో కలిపిన నీళ్లు క్యూబులో ఉండవు. వైబ్రేటర్ అందని బీము మూల కూడా క్యూబులో ఉండదు. పైగా సంఖ్య విషయం: 16 నుంచి 30 ఘనపు మీటర్ల కాంక్రీటుకు మూడు నమూనాలు, ఒక్కో నమూనాకు మూడు క్యూబుల చొప్పున తొమ్మిది కావాలి. మొదటి లారీ నుంచే మూడు తీసి రోజంతటికీ సరిపెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది.

అపోహ: రెరా వచ్చాక అపార్టుమెంటు నాణ్యతను వాళ్లే చూస్తారు.

రెరా అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ. దాన్ని తెచ్చిన 2016 నాటి చట్టం ప్రకారం కొనుగోలుదారులు కట్టిన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి. అందులోంచి తీయాలంటే ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించాలి. ఆ ధ్రువీకరణ పని ఎంత శాతం పూర్తయిందనే దాని గురించి. మూడో అంతస్తు స్తంభంలో ఎన్ని స్టిరప్‌లు పడ్డాయో అది చెప్పదు. స్వాధీనం చేశాక ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి, బిల్డర్ దృష్టికి తెస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలన్న నిబంధన మంచిదే, కానీ అది లోపం కనిపించాక అక్కరకొచ్చేది. కొనేముందు బిల్డర్‌ను అడగండి: మీ సైట్ ఇంజినీరు ఎవరు, రోజూ ఉంటారా, కాంక్రీటుకు ముందు తనిఖీ చేసిన పత్రాలు చూపిస్తారా? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబు కంటే జవాబు చెప్పే తీరే ఎక్కువ చెబుతుంది.

అపోహ: సొంతింటికి మేస్త్రీ చాలు, ఇంజినీరు ఖర్చు దండగ.

మంచి మేస్త్రీకి ఉన్న చేతి ఒడుపు ఏ ఇంజినీరుకూ ఉండదు. అయితే చదరపు అడుగుకు ఇంత అని కూలీ మాట్లాడుకున్న మేస్త్రీ త్వరగా ముగిస్తేనే మిగుల్చుకుంటాడు. తనను తానే తనిఖీ చేసుకోమని అతన్ని అడగడం అన్యాయం. అడుగు లెక్క, ఎన్ని విడతల్లో డబ్బు అనే రెండు మాటలతో స్టాంపు కాగితం ముగించకుండా ఇంకొన్ని వాక్యాలు చేర్చండి. యజమాని తరఫున చూసే ఇంజినీరు పేరు రాయండి. పునాది గుంత, స్తంభాల కడ్డీలు, ప్రతి స్లాబు కడ్డీలు, సెంట్రింగ్ విప్పడం: ఈ నాలుగు దశల్లో ఆయన నోటు పుస్తకంలో సంతకం చేశాకే పని ముందుకు సాగాలని రాయండి. ఎన్ని గంటల ముందు ఆయనకు చెప్పాలో, ఆయన రాకపోతే ఆగిన రోజు కూలీ ఎవరిదో కూడా రాయండి. గొడవలు వచ్చేది ఎక్కువగా ఇక్కడే. స్లాబు విడత డబ్బులో కొంత భాగం పోటీలు తీసి, అడుగుభాగం చూశాక ఇచ్చేలా పెట్టుకోండి. డ్రాయింగ్ కాపీ ఒకటి ప్లాస్టిక్ కవరులో పెట్టి సైట్‌లోనే ఉంచాలి, మార్పు ఏదైనా దాని మీదే తేదీతో రాయాలి.