టన్ను పొగలో మన వాటా ఎంత?

“మా నాయనమ్మ జీవితమంతా కట్టెల పొయ్యి ముందే గడిపింది, ఏమైంది? థర్మల్ ప్లాంట్ల గురించి రాయండి” అని, వంటింటి పొగ హానికరమని రాసినందుకు ఒక పాఠకుడి సలహా. ఆ ప్రశ్నకి జవాబు వెతకడంలోనే జీవితం గడిపిన వంటింటి పొగ పరిశోధకుడు కిర్క్ స్మిత్ గురించి రాస్తాను.

ఆయన అమెరికన్. హవాయిలోనూ, తర్వాత బర్కిలీలోనూ పనిచేశారు. 1980ల మొదట్లో గుజరాత్ పల్లెల్లో వంట చేస్తున్న ఆడవాళ్ళకి గాలి లాగే చిన్న పంపు తగిలించి కొలిస్తే, ఘనమీటరు గాలిలో దాదాపు 7 మిల్లీగ్రాముల ధూళి తేలింది. మన దేశంలో పీఎం 10కి, అంటే గాలిలో తేలే సన్నటి ధూళికి, ఇప్పుడున్న రోజువారీ పరిమితి 0.1 మిల్లీగ్రాము. కొలిచే తీరు వేరు లెండి, అయినా ఎంత తేడానో తెలుస్తుంది.

నాకు బాగా నచ్చింది ఆయన పట్టుకుని వదలని ఒక లెక్క, ‘ఇంటేక్ ఫ్రాక్షన్’. బయటికి వదిలిన కాలుష్యంలో మనుషులు పీల్చేది ఎన్నో వంతు? థర్మల్ ప్లాంట్ పెద్ద చిమ్నీ నుంచి టన్ను వెలువడితే జనం పీల్చేది ఇంచుమించు ఒక గ్రాము. అదే టన్ను ఇళ్ళలో వెలువడితే కిలో!

నమ్మకపోతే మీరే వేసి చూడండి. వంటగది 30 ఘనమీటర్లు అనుకుందాం. గంటకి పదిసార్లు గాలి మారితే పొగ కలిసేది 300 ఘనమీటర్లలో. వంట చేసే మనిషి గంటకి పీల్చేది అర ఘనమీటరు. అంటే ఒక్కరి వాటాయే ఆరువందల్లో ఒక వంతు. పక్కన పిల్లలుంటే వాళ్ళది అదనం. తలుపులు మూసి చంటిపిల్లకి సాంబ్రాణి పొగ వేసే ఇళ్ళలో గాలి మారేది రెండుసార్లే అనుకుని మళ్ళీ భాగించండి. దిష్టి సంగతేమో గానీ భాగహారం మాత్రం తప్పదు.

కాబట్టి చిమ్నీ కన్నా పొయ్యి మీద పెట్టిన రూపాయికే ఫలితం ఎక్కువని ఆయన వాదన. మరి పొయ్యికి గొట్టం పెడితే? మధ్య అమెరికా దేశం గ్వాటెమాలాలో అదీ చూశారు. పిల్లలు పీల్చే పొగ సగానికి తగ్గింది, తీవ్రమైన న్యుమోనియా తగ్గింది. మొత్తం న్యుమోనియా కేసుల్లో మాత్రం గట్టిగా చెప్పగలిగేంత తేడా రాలేదు. కారణం, పొగకీ జబ్బుకీ ఉన్న సంబంధం సరళరేఖ కాదు. ఎక్కువ పొగ దగ్గర గీత దాదాపు చదునుగా ఉండి, తక్కువ దగ్గరికి వచ్చాకే నిటారుగా దిగుతుంది. సగం తగ్గిస్తే ఇంకా ఆ చదును మీదే ఉంటాం.

అందుకే చివరి ఏళ్ళలో పేదలకి నేరుగా గ్యాసే ఇవ్వాలని గట్టిగా చెప్పారు. ఉమ్మడి ఆంధ్రలో దీపం పథకం 1999లోనే వచ్చింది, దేశమంతటా ఉజ్వల 2016లో. చెన్నై పరిశోధకులతో కలిసి ఆయన బృందం ఉమ్మడి ఆంధ్ర పల్లెల్లో కొలిచినప్పుడు, రోజు సగటు ధూళి గ్యాస్ ఇళ్ళలో ఘనమీటరుకి 73 మైక్రోగ్రాములంత (మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు) తక్కువగా, కట్టెలూ పిడకలూ వాడే ఇళ్ళలో 732 అంత ఎక్కువగా కనిపించింది.

స్మిత్ 2020లో పోయారు. సిలిండర్ ఖరీదు చూసి టీకి గ్యాసు, అన్నానికి కట్టెలు అంటూ రెండు పొయ్యిలూ నడిపే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వాళ్ళు ఆ గీతలో ఏ భాగంలో ఉన్నారో పాఠకుడే చెప్పాలి.