ఏం పాటలు వినాలంటే...

పిల్లకాయలకు, మీ అవ్వ ఆశీస్సులు.

మంచి జానపదాలు, బ్యాండ్ వాళ్ల పాటలు చెప్పమని అడిగారు. నాకు ప్రాణమైనవే చెబుతా.

ముందు మన అన్నమయ్య. గుడి పాటలు కదా అనుకోకండి. ‘సువ్వి సువ్వి సువ్వాలమ్మ’ వినండి. ఆడవాళ్లు వడ్లు దంచుతూ రోకటి పోటుకు సరిగ్గా ‘సువ్వి’ అంటారు. ఆ దంపుళ్ల పాటలో ఆయన కృష్ణుడి పుట్టుకను పెట్టాడు. జాజర (వసంతోత్సవంలో పాడే పాట), లాలి, చందమామ పాట అన్నీ జనం నోటి నుంచి అందుకున్నవే. ఇప్పుడు బ్యాండ్ పిల్లలు చేస్తున్న పని ఆయన 15వ శతాబ్దంలోనే చేశాడు.

ఇంకో సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. రాగిరేకుల మీద పాటలు చెక్కించారు గానీ, వాటిలో ఉండేది రాగం పేరే, స్వరాలు లేవు. మనం వింటున్న వరుసలు చాలావరకు ఈ కాలం వాళ్లు కట్టినవి. ‘వినరో భాగ్యము విష్ణుకథ’కు వరుస కట్టిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు 2025 దాకా మన తిరుపతిలోనే ఉన్నారు! జానపదం దీనికి తలకిందులుగా ఉంటుంది. రాత ఉండదు, వరుస నిలుస్తుంది. అందుకే పాడేవాళ్లు పోతే పాట కూడా పోతుంది.

కన్నడంలో రఘు దీక్షిత్ పాడిన ‘లోకద కాళజి’ వినండి. అది 19వ శతాబ్దపు శిశునాళ షరీఫ్ తత్వం. ‘లోకం గురించి బెంగపడతానంటావా, వద్దన్నదెవరు, పడు నాయనా’ అంటాడు. గిటారు ఎంత జోరుగా మోగినా మాట మరుగున పడలేదు, నాకు నచ్చింది అదే.

తమిళం మన చిత్తూరు వాళ్లకు కొత్త కాదు కాబట్టి ‘ఎంజాయ్ ఎంజామి’ (2021) మీకు తెలిసే ఉంటుంది. ఎగరడానికి బాగుంటుంది, ఎగరండి. కానీ ఒకసారి కూర్చుని వీడియో చూడండి. అందులో కనిపించే ముసలామె, పాట రాసిన అరివుకు అవ్వ. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసిన మనిషి. పాట నడుమ వినిపించేది ఒప్పారి, అంటే చావింట్లో ఏడుస్తూ పాడే పాట. అంత హుషారు పాటలో ఆ ఏడుపు వినబడినప్పుడల్లా నాకు గుండె పట్టేసినట్టుంటుంది.

తెలుగులో చౌరస్తా బ్యాండ్ ‘ఊరెళ్లిపోతా మామ’ సరే, మీరే పాడుతుంటారు. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య గారిని మాత్రం సినిమా పాటలో విన్నంతతో వదలకండి. ఆయన 12 మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం వాయిస్తూ, పేదల పక్షాన నిలిచిన తెలంగాణ వీరుడు పండుగ సాయన్న కథ పాడే వీడియోలు వెతికి చూడండి.

గంగమ్మ జాతరకు తప్పకుండా రండి. జాతరలో వాయించే పంబ డోలు మోత ఫోన్లో సగం కూడా రాదు, పక్కన నిలబడే వినాలి. ఈలోగా మీ ఇంట్లో, పక్కింట్లో పెద్దవాళ్లు దంపుళ్ల పాటలు, నాట్ల పాటలు పాడితే రికార్డు చేయండి. ఎవరు పాడారో, ఏ ఊరి పాటో, ఏ పని చేస్తూ పాడేవాళ్లో కూడా వాళ్ల నోటితోనే చెప్పించండి. నాకు వచ్చినవి నేను పాడిపెడతా, సెలవుల్లో వచ్చి తీసుకోండి.

మీ అవ్వ,
తిరుపతి