గేటు తెరిచారు, మనిషిని వదల్లేదు

నౌరూ పేరు మళ్లీ వార్తల్లోకి వచ్చింది. దేశంలో ఉండనివ్వడం ఇష్టం లేని, సొంత దేశానికి పంపడం కుదరని కొందరు వలసదారులను ఆ చిన్న ద్వీపదేశానికి తరలించేందుకు ఆస్ట్రేలియా 2025 ఆగస్టు చివర్లో ఒప్పందం చేసుకుంది. మొదటి విడత మనుషులు చేరగానే 40.8 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు, ఆపైన ఏటా 7 కోట్ల డాలర్లు నౌరూకు ఇవ్వాలన్నది ఒప్పందం. ఈ వార్త చదవగానే నాకు గుర్తొచ్చింది బెహ్రూజ్ బూచానీ రాసిన ‘నో ఫ్రెండ్ బట్ ది మౌంటెన్స్’. కొండలు తప్ప మాకు నేస్తాలు లేరన్నది కుర్దుల సామెత.

సముద్రంలో కాపాడిన శరణార్థులను ఆస్ట్రేలియా దిగనివ్వని 2001 నాటి టాంపా ఓడ గొడవ, పడవల్లో వచ్చినవాళ్లను ఉంచడానికి నౌరూ, మానుస్ లాంటి పసిఫిక్ ద్వీపాల్లో క్యాంపులు తెరవడం, 2008లో మూసెయ్యడం, 2012లో మళ్లీ తెరవడం చాలాసార్లు రాసిన సంగతులే కాబట్టి వదిలేస్తున్నాను. బూచానీ ఇరాన్‌లోని ఇలామ్‌కు చెందిన కుర్దు జర్నలిస్టు. 2013 ఫిబ్రవరిలో ఆయన పనిచేసే ‘వెర్యా’ పత్రిక ఆఫీసు మీద రివల్యూషనరీ గార్డ్స్ దాడి చేసి సహచరులను పట్టుకెళ్లారు. కొన్నాళ్లు దాక్కుని, దేశం దాటి, ఇండోనేషియా నుంచి పడవ ఎక్కాడు. మొదటి పడవ మునిగిపోయింది. రెండోది ఆస్ట్రేలియా నేవీకి దొరికింది. సరిగ్గా అంతకు కొద్దిరోజుల ముందు, 2013 జూలై 19న, పడవలో వచ్చినవాళ్లెవరికీ ఇకపై ఆస్ట్రేలియాలో చోటు ఉండదని అప్పటి ప్రధాని కెవిన్ రడ్ ప్రకటించాడు. కాస్త ముందు బయల్దేరి ఉంటే బూచానీ జీవితం ఇంకోలా ఉండేది. ఆగస్టులో ఆయన్ను పాపువా న్యూగినీలోని మానుస్ ద్వీపానికి తీసుకెళ్లారు.

అక్కడ ఆయన పేరు ఎంఈజీ 45. ‘ఎంఈజీ’ వచ్చిన పడవకు పెట్టిన కోడ్, 45 అందులో ఆయన నంబర్. గార్డులు ఆ నంబర్‌తోనే పిలిచేవాళ్లు.

పుస్తకంలో ఎక్కువ చోటు దెబ్బలకు కాదు, లైన్లకు. అన్నానికి లైను, మాత్రకు లైను, ఇంటికి ఫోన్ చేసుకోవడానికి లైను. ఎండలో గంటల తరబడి నిలబడితేగానీ ఏదీ చేతికి రాదు. అన్నం లైనులో రోజూ అందరికంటే ముందు నిలబడే ఒకాయన ఉంటాడు. తోటివాళ్లు ఆయనకు ‘ఆవు’ అని పేరు పెట్టారు. ఆయన మీద నవ్వుతారు, చిరాకు పడతారు. చదువుతూ పోతే ఆకలికంటే, ఆకలి చూపించి మనుషులను ఒకరికొకరు శత్రువులను చేసే పద్ధతి ఎంత భయంకరమో అర్థమవుతుంది. జైలును నడిపేది గార్డులే కాదు, ఆ లైను కూడా అన్నది బూచానీ వాదన.

క్యాంపులో ఫోన్ నిషేధం. కాగితం మీద రాస్తే సోదాల్లో పోతుంది. దొంగచాటుగా తెప్పించుకున్న ఫోన్‌ను పరుపుకు చేసిన కంతలో దాచేవాడు. ఒక ఫోన్ దొరికిపోయింది, ఇంకోటి సంపాదించాడు. ఫార్సీ భాషలో ఒక్కో ముక్కా వాట్సాప్ మెసేజ్‌గా ఆస్ట్రేలియాలోని స్నేహితులకు పంపేవాడు. ఆ మెసేజ్‌లను కూర్చి ఒమిడ్ తోఫిగియన్ ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. 2018లో పుస్తకం అచ్చయింది. 2019 జనవరి 31న విక్టోరియన్ ప్రైజ్ ఫర్ లిటరేచర్ వచ్చింది. ఆస్ట్రేలియాలో పెద్ద సాహిత్య బహుమతి అది, లక్ష డాలర్లు. బహుమతి తీసుకోవడానికి రచయిత రాలేకపోయాడు. మానుస్ నుంచి వీడియోలో మాట్లాడాడు.

అదే వారంలో అమెరికాలో నకిలీ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసులో 129 మంది భారతీయ విద్యార్థులను అరెస్టు చేశారు. అందులో చాలామంది మన తెలుగు పిల్లలే. ఆ కేసు వేరు, ఆ పిల్లలు శరణార్థులు కారు. కానీ ‘డిటెన్షన్ సెంటర్’ అన్న మాట మన ఇళ్లలో టెన్షన్‌గా వినబడింది అప్పుడే. కొడుకు ఎక్కడున్నాడో, ఎప్పుడు వదులుతారో తెలియక ఫోన్ పట్టుకుని కూర్చున్న తల్లిదండ్రులకు బూచానీ రాసింది వేరే చెప్పనక్కర్లేదు.

ఇక అసలు విషయం. ఈ పుస్తకం 2014 ఫిబ్రవరితో ముగుస్తుంది. ఆ నెల 17న క్యాంపులో జరిగిన దాడిలో రెజా బరాతీ అనే కుర్దు యువకుడిని కొట్టి చంపారు. ఆ చావు దగ్గర కథ ఆగింది కాబట్టి, ఇవాళ్టి నౌరూ ఒప్పందాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన రోజు పుస్తకంలో లేదు. నా దృష్టిలో ఆ రోజు 2016 ఏప్రిల్ 26.

ఆ రోజు పాపువా న్యూగినీ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రతిపక్ష నాయకుడు బెల్డెన్ నామా వేసిన కేసు అది. ఏ నేరమూ చేయని మనుషులను ఇలా బంధించడం రాజ్యాంగం ఇచ్చిన వ్యక్తిగత స్వేచ్ఛకు విరుద్ధమని ఐదుగురు జడ్జీలూ ఒకే మాట చెప్పారు. ఈ నిర్బంధానికి దారి ఇవ్వడానికి 2014లో రాజ్యాంగానికి చేసిన సవరణ కూడా చెల్లదన్నారు. నిర్బంధం ఆపడానికి కావలసినవన్నీ చెయ్యాలని పాపువా న్యూగినీ, ఆస్ట్రేలియా ప్రభుత్వాలు రెండింటినీ ఆదేశించారు. అప్పటికి లోపల 850 మంది దాకా ఉన్నారు.

వదిలేస్తారని ఎవరైనా అనుకుంటారు. తీర్పుతో తమ విధానం మారదని, వీళ్లు ఆస్ట్రేలియాకు రారని అప్పటి ఇమిగ్రేషన్ మంత్రి పీటర్ డటన్ చెప్పాడు. మానుస్‌లో గేటు తెరిచారు. క్యాంపు ఉన్నది లోంబ్రమ్ నేవీ స్థావరం లోపల. పగటిపూట బస్సు ఎక్కి లొరెంగావ్ ఊరికి వెళ్లి తిరిగి రావచ్చన్నారు. చేతిలో పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, చుట్టూ సముద్రం. వచ్చేది మళ్లీ అదే మంచం దగ్గరకు. తాళం తీశాం కాబట్టి ఇది నిర్బంధం కాదు అన్నది రెండు ప్రభుత్వాల లెక్క.

కోర్టు కాదన్నది తాళాన్ని మాత్రమే అన్నట్టు ఆ తీర్పును చదివారు. తర్వాత జరిగినవన్నీ ఆ చదవడం నుంచి వచ్చినవే. 2017 అక్టోబర్ 31న క్యాంపు అధికారికంగా మూసేశారు. ఊళ్లో కట్టిన వేరే షెడ్లకు మారమన్నారు. 600 మంది కదలలేదు. ఇంకో జైలుకు ఎందుకు పోతాం, స్వేచ్ఛ ఇవ్వండి అన్నారు. కరెంటు తీసేశారు, నీళ్లు ఆపేశారు, తిండి ఆపేశారు. వాళ్లు చేతులతో బావులు తవ్వుకున్నారు, చెత్తడబ్బాల్లో వాననీళ్లు పట్టుకున్నారు. 23 రోజులు అలా గడిచాక పోలీసులు వచ్చి కర్రలతో బయటకు తోలారు. ఆ రోజు బూచానీని కూడా కొన్ని గంటలు పట్టుకెళ్లారు. రెండేళ్ల తర్వాత ఒక సాహిత్య సభకు న్యూజిలాండ్ నెల రోజుల వీసా ఇస్తేగానీ ఆయన ఆ దేశం దాటలేకపోయాడు. బహుమతి ప్రకటించిన రోజున ఆయన గదికి తాళం లేదన్నది గుర్తుపెట్టుకోవాలి. 2020 జూలైలో న్యూజిలాండే ఆయన్ను శరణార్థిగా గుర్తించింది.

ఆస్ట్రేలియా ప్రభుత్వాలు చెప్పేదీ రాయాలి. 2013కు ముందు ఐదారేళ్లలో పడవలు మునిగి వెయ్యి మందికి పైగా చనిపోయారు, ఈ విధానం వచ్చాక పడవలు ఆగిపోయాయి అని అక్కడి రెండు పెద్ద పార్టీలూ అంటాయి. చావుల మాట నిజం. బూచానీ కూడా మునిగిన పడవలోంచి బతికినవాడే. కానీ మానుస్‌లో ఉన్నవాళ్లు అప్పటికే సముద్రం దాటేశారు. ఇంకెవరో పడవ ఎక్కకుండా ఉండటానికి వీళ్లు ఏళ్ల తరబడి అక్కడ కూర్చోవాల్సి వచ్చింది.

2023 నవంబర్ 8న ఈసారి ఆస్ట్రేలియా హైకోర్టే తీర్పు ఇచ్చింది. ఆ దేశంలో అన్నిటికన్నా పై కోర్టు అదే. ఏ దేశానికీ పంపే అవకాశం దగ్గరలో కనపడని మనిషిని ఆస్ట్రేలియాలో గడువు లేకుండా బంధించి ఉంచడం చెల్లదంది. 2004లో తానే ఇచ్చిన తీర్పును పక్కన పెట్టింది. ఒక రోహింగ్యా వ్యక్తి వేసిన కేసు అది. అతను పిల్లల మీద లైంగిక నేరానికి శిక్ష పడినవాడు. తీర్పుతో బయటకు వచ్చినవాళ్లలో చాలామందికి నేరచరిత్ర ఉంది, కొందరివి ఘోరమైన నేరాలు. జనం భయపడటంలో తప్పు లేదు. కానీ కోర్టు వేసిన శిక్షలు వాళ్లు అనుభవించేశారు. అదే నేరం చేసిన ఆస్ట్రేలియా పౌరుడైతే శిక్ష అయ్యాక ఇంటికే పోతాడు.

ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. ముందు కాళ్లకు ఎలక్ట్రానిక్ కడియాలు, రాత్రి కర్ఫ్యూ పెట్టింది. 2024 నవంబర్‌లో హైకోర్టు అవీ చెల్లవంది. అదే నెలలో, వేరే దేశానికి డబ్బిచ్చి పంపే చట్టం పార్లమెంటులో పాసైంది. 2025 ఫిబ్రవరిలో వాళ్లలో ముగ్గురికి నౌరూ 30 ఏళ్ల వీసా ఇచ్చింది. ఆగస్టులో పెద్ద ఒప్పందం కుదిరింది. ఇక్కడ బంధించకూడదని కోర్టు అంటే చోటు మార్చడం, మార్చిన చోటుకు నిర్బంధం అన్న పేరు తీసెయ్యడం. 2016లో లొరెంగావ్ బస్సు చేసిన పనే ఇప్పుడు నౌరూ విమానం చేస్తోంది.

డబ్బు లెక్క ఒకటి చెప్పాలి. మానుస్‌లో ఉంచిన 1,905 మంది వేసిన దావాను 2017లో ఆస్ట్రేలియా ప్రభుత్వం కోర్టు బయట సెటిల్ చేసుకుంది. తప్పు ఒప్పుకోకుండానే 7 కోట్ల డాలర్లు ఇచ్చింది. అందరికీ కలిపి, అన్నేళ్లకూ కలిపి. ఇప్పుడు ఒప్పందం ప్రకారం నౌరూకు ప్రతి ఏటా ఇచ్చేది కూడా 7 కోట్లే.

నౌరూలో ఎవరి గది వారికే ఉంటుందని, వంటగది కలిపి వాడుకుంటారని, పని చేసుకోవచ్చని 2025 ఫిబ్రవరిలోనే ఆస్ట్రేలియా మంత్రి టోనీ బర్క్ చెప్పాడు. గేటు లేదు, గార్డు లేడు. నౌరూ విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు.