తూర్పు జర్మనీ ముసలిదైపోయిందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

జర్మనీ జనాభా లెక్కలతోనే నా రోజు గడుస్తుంది. ఏ ఊళ్ళో ఏ వయసువాళ్ళు ఎంతమంది అన్న అంకెలు పేర్చుకుంటూ కూర్చుంటాను. ఈ పని గురించి తెలిసినప్పుడు మనవాళ్ళు అనే మాటలు ఇంచుమించు ఇవే.

అపోహ: పెద్దవాళ్ళు ఎక్కువకాలం బతుకుతున్నారు, అందుకే తూర్పు రాష్ట్రాల్లో సగటు వయసు పెరిగింది.

అది సగం నిజం. తూర్పు రాష్ట్రాల్లో ఒకటైన సాక్సోనీ-అన్‌హాల్ట్ జనాభా పిరమిడ్ గీసి చూడండి, అంటే ఏ వయసువాళ్ళు ఎంతమందో కింద నుంచి పైకి పట్టీలుగా పేర్చిన బొమ్మ (పిరమిడ్ అన్నది పేరుకే, ఆ ఆకారం ఎప్పుడో పోయింది). ముప్పై దాటిన వయసు దగ్గర ఎవరో పిడికిలితో గుద్దినట్టు ఒక నొక్కు కనిపిస్తుంది. 1990లో తూర్పు జర్మనీలో పుట్టినవాళ్ళు దాదాపు 1,78,000. 1994కి అది 79,000 దగ్గరికి పడిపోయింది. అప్పటికి బెర్లిన్ గోడ కూలి, ఫ్యాక్టరీలు మూతపడి, ఉన్న ఉద్యోగం రేపు ఉంటుందో లేదో తెలియని టెన్షన్‌లో ఉన్నారు జనం. పిల్లల సంగతి తర్వాత చూద్దామనుకున్నారు. ఆ ఏడాది ఒక్కో స్త్రీకి సగటున 0.77 పిల్లలు.

ఈ నొక్కు ఒకచోట ఆగదు, ఏడాదికో మెట్టు పైకి జరుగుతుంది. ముందు ప్రసూతి వార్డులు వెలవెలబోయాయి, తర్వాత బళ్ళు మూతపడ్డాయి, ఆపైన వర్క్‌షాపులకు అప్రెంటిస్‌లు కరువయ్యారు. అప్పుడు పుట్టి ఉంటే ఈపాటికి తల్లులు కావలసిన అమ్మాయిలు అసలు లేరు. అక్కడ కిండర్‌గార్టెన్లు మళ్ళీ ఖాళీ అవడానికి ఇదొక పెద్ద కారణం.

అపోహ: పని వెతుక్కుంటూ పడమరకి పోయింది ఎక్కువగా మగవాళ్ళే.

యువతలో అమ్మాయిలే ఎక్కువ వెళ్ళారు. చదువులో వాళ్ళదే పైచేయి, పడమర పట్నాల్లో ఆఫీసు, ఆసుపత్రి ఉద్యోగాలు దొరికాయి. దాంతో కొన్ని పల్లె జిల్లాల్లో ఆ వయసు మగవాళ్ళు వందమందికి ఆడవాళ్ళు ఎనభైమంది కూడా మిగల్లేదు. నన్నడిగితే, మొత్తం ఎంతమంది పోయారన్న దానికంటే ఊరికి ఎక్కువ చెరుపు చేసింది ఇదే.

అపోహ: తూర్పంతా ఖాళీ అవుతోంది.

సాక్సోనీ రాష్ట్రంలోని లైప్‌జిగ్ నగర జనాభా 1998లో 4,37,000కి పడిపోయింది, ఇప్పుడు ఆరు లక్షలు దాటింది. చుట్టుపక్కల ఊళ్ళను కలుపుకోవడం వల్ల పెరిగింది కొంత, నిజమైన పెరుగుదలా బాగానే ఉంది. బెర్లిన్‌ని పక్కన పెట్టి చూసినా, 2017లో పడమర నుంచి తూర్పుకి వచ్చినవాళ్ళే కాస్త ఎక్కువ. అదే రాష్ట్రంలోని హోయర్స్‌వెర్డా చూడండి: బొగ్గు పరిశ్రమ కార్మికుల కోసం కట్టిన ఊరు, 1980 ప్రాంతంలో 70,000 మంది ఉండేవారు, ఇప్పుడు అందులో సగం కూడా లేరు. కాంక్రీటు పలకలతో కట్టిన అపార్ట్‌మెంట్లను వరసగా పడగొట్టేశారు. రాష్ట్రం సగటు అంకె ఒక్కటే చూస్తే ఈ రెండు ఊళ్ళూ అందులో కలిసిపోతాయి.

అపోహ: పుట్టేవాళ్ళ కంటే పోయేవాళ్ళు ఎక్కువ, కాబట్టి దేశ జనాభా తగ్గుతూ వస్తోంది.

1972 నుంచి ఏటా చావులే ఎక్కువ. అయినా అప్పుడు 7.9 కోట్లలోపు ఉన్న జనాభా ఇప్పుడు 8.3 కోట్ల దరిదాపుల్లో ఉంది. వలస వచ్చినవాళ్ళే ఆ లోటు పూడ్చారు.

అయితే ఆ 8.3 కోట్ల దగ్గరా ఒక తిరకాసు ఉంది. 2022 మే 15 నాటి సెన్సస్‌లో 8.27 కోట్లే తేలారు, అంతవరకూ వేసుకున్న అంచనా కంటే సుమారు 14 లక్షలు తక్కువ. ఈ తేడాకి ఒక కారణం మనలాంటివాళ్ళమే: జర్మనీకి రాగానే పరుగెత్తుకెళ్ళి అడ్రస్ రిజిస్టర్ చేయించుకుంటాం, బ్యాంకు ఖాతాకీ వీసాకీ ఆ కాగితం కావాలి కాబట్టి. దేశం వదిలేటప్పుడు పేరు తీయించుకునే అబ్‌మెల్డుంగ్ మాత్రం చాలామందికి గుర్తుండదు. మనిషి హైదరాబాద్‌లో ఉంటాడు, పేరు ఇంకా జర్మనీలో ఏ కెమ్నిట్స్ నగర రిజిస్టర్లోనో ఉంటుంది. వెళ్ళే పనుంటే ఆ ఒక్క ఫారం ఇచ్చి వెళ్ళండి, నా పని కొంచెం తేలికవుతుంది.