ఫార్టీ సిక్స్ అంటే నాలుగూ ఆరూ కాదు: ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్) డిఫెన్స్ ముద్దుపేర్లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: 46 డిఫెన్స్‌లో నలుగురు లైన్‌మెన్ (ముందు వరుస), ఆరుగురు లైన్‌బ్యాకర్లు (వాళ్ల వెనక వరుస) ఉంటారు.

వాస్తవం: 46 అన్నది ఒక జెర్సీ నంబరు. 1975 నుంచి 1982 దాకా షికాగో బేర్స్‌కి ఆడిన సేఫ్టీ (అందరికన్నా వెనక కాపు కాసేవాడు) డగ్ ప్లాంక్ వేసుకున్న నంబరది. డిఫెన్స్ కోచ్ బడ్డీ రయాన్‌కి ఆటగాళ్లను నంబర్లతో పిలిచే అలవాటు ఉండేది. ఆ పిలుపే స్కీమ్‌కి పేరైపోయింది. అందుకే 4-3 (నలుగురు లైన్‌మెన్, ముగ్గురు లైన్‌బ్యాకర్లు), 3-4 లాగా మధ్యలో గీత ఉండదు, పలకడం కూడా ‘ఫార్టీ సిక్స్’ అనే. మయామీ డాల్ఫిన్స్ ‘53’ కూడా ఇలాంటిదే, అది బాబ్ మాథెసన్ నంబరు.

4-3కి అలవాటు పడి కొత్తగా ఆట చూస్తున్నవాళ్లు 46ని అలాగే చదివితే అందులో నామోషీ ఏమీ లేదు. ‘ఆరుగురు లైన్‌బ్యాకర్లు, అందరూ ఎగబడటమే’ అని ప్రచారం చేసేవాళ్లతోనే చిక్కు. అది నమ్మి పిల్లల టీముకి నేర్పితే మొదటి క్వార్టర్‌లోనే టచ్‌డౌన్లు ఇచ్చుకోవాల్సి వస్తుంది.

అసలు అమరిక చూడండి. అవతలి లైన్ మధ్యలో ఉండే సెంటర్ ఎదురుగా ఒక లైన్‌మన్, అతని రెండు పక్కలా ఉండే గార్డుల మీద చెరొకరు, టైట్ ఎండ్ (లైన్ చివర నిలబడి పాస్‌లు కూడా అందుకునేవాడు) లేని వీక్ సైడ్‌లో, గార్డు పక్కనుండే టాకిల్‌కి బయట ఒక ఎండ్. బయటి లైన్‌బ్యాకర్లిద్దరూ టైట్ ఎండ్ ఉన్న వైపే, లైన్ మీదికే వస్తారు. అక్కడికి ఆరుగురు. వాళ్ల వెనక మిడిల్ లైన్‌బ్యాకర్, అతని పక్కకి దిగివచ్చిన స్ట్రాంగ్ సేఫ్టీ. బాక్స్‌లో (లైన్ దగ్గరి భాగంలో) మొత్తం ఎనిమిది మంది. వెనక మిగిలేది అంచుల్లో రిసీవర్లని కాచే ఇద్దరు కార్నర్లు, ఒక ఫ్రీ సేఫ్టీ. లైన్‌బ్యాకర్లు ముగ్గురే!

దీని బలం మధ్యలో ఉన్న ఆ ముగ్గురు లైన్‌మెన్‌దే. సెంటర్‌కీ గార్డులకీ ఎదురుగా మనిషి ఉంటే గార్డు పుల్ చేయడానికి (చోటు వదిలి పక్కకి వెళ్లి బ్లాక్ చేయడానికి) భయపడతాడు, ఇద్దరు కలిసి ఒకర్ని అడ్డుకునే డబుల్ టీమ్ కుదరదు, లైన్‌బ్యాకర్ దాకా వెళ్లి బ్లాక్ చేసే తీరిక ఎవరికీ దొరకదు. 1985లో బేర్స్ మిడిల్ లైన్‌బ్యాకర్ మైక్ సింగిల్టరీ అంత స్వేచ్ఛగా బంతి దగ్గరికి చేరడానికి కారణం ఇదే. ఎనిమిది మందీ ప్రతిసారీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) మీదికి రష్ చేయరు కూడా. వాళ్లలో ఎవరొస్తారో, ఎవరు ఆగుతారో క్వార్టర్‌బ్యాక్‌కి అంతుపట్టకపోవాలి. ఆ సీజన్లో బేర్స్ 15-1తో 16 ఆటల్లో 198 పాయింట్లే ఇచ్చారు. ప్లేఆఫ్స్‌లో జెయింట్స్, రామ్స్ ఇద్దరికీ సున్నా. సూపర్ బౌల్‌లో (ఫైనల్లో) పేట్రియట్స్ రన్నింగ్ మొత్తం 7 గజాలు.

ఆ ఒక్క ఓటమిలోనే దీని బలహీనత ఉంది. 1985 డిసెంబర్ 2న మయామీ 38-24తో గెలిచింది, హాఫ్ టైమ్‌కే 31-10. డాల్ఫిన్స్ మూడో రిసీవర్‌గా నాట్ మూర్‌ని స్లాట్‌లో (లైన్‌కీ బయటి రిసీవర్‌కీ మధ్య ఖాళీలో) పెట్టారు. రయాన్ లైన్‌బ్యాకర్‌ని తీసి నికెల్ బ్యాక్‌ని (వెనక వరుసలో ఐదోవాణ్ణి) దించలేదు. వేగమైన రిసీవర్ మీద లైన్‌బ్యాకరో సేఫ్టీనో మిగిలిపోయారు, మయామీ క్వార్టర్‌బ్యాక్ డాన్ మరీనో బంతి చేతిలోంచి చప్పున వదిలేసేవాడు. మూడో రిసీవర్ కనబడగానే ఒక లైన్‌బ్యాకర్‌ని తీసి నికెల్‌ని పెట్టండి, మధ్య ముగ్గురినీ మాత్రం కదపకండి. ఇప్పటి కోచ్‌లు ‘బేర్ ఫ్రంట్’ అని వాడేది ఆ మధ్య భాగాన్నే. మూడు రిసీవర్లు మామూలైపోయిన ఈ రోజుల్లో పాత 46ని ప్రధాన అమరికగా ఆడటం తప్పు.

అపోహ: ముద్దుపేరు మొత్తం డిఫెన్స్‌ది.

చాలాసార్లు కాదు. ‘ఫియర్‌సమ్ ఫోర్‌సమ్’ అంటే రామ్స్ ముందు వరుస నలుగురే. ‘పర్పుల్ పీపుల్ ఈటర్స్’ వైకింగ్స్ ముందు వరుస, ‘లీజన్ ఆఫ్ బూమ్’ సియాటెల్ సెకండరీ (కార్నర్లు, సేఫ్టీల వెనక వరుస). ‘హాగ్స్’ అయితే డిఫెన్సే కాదు, వాషింగ్టన్ అఫెన్సివ్ లైన్.

అపోహ: ‘నో-నేమ్ డిఫెన్స్’లో గొప్పవాళ్లు లేరు.

1972లో మయామీ 17-0. నిక్ బోనికాంటి హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. సేఫ్టీ జేక్ స్కాట్ ఆ సూపర్ బౌల్ ఎంవీపీ. ఇంకేం కావాలి?

అపోహ: తక్కువ పాయింట్లిచ్చినదే గొప్ప డిఫెన్స్.

ఆటకి ఎన్ని ఇచ్చారో చూడాలి. 1977 దాకా సీజన్‌కి 14 ఆటలు, 1978 నుంచి 16, 2021 నుంచి 17. ఆ 1978లోనే 5 గజాలు దాటాక రిసీవర్‌ని తాకకూడదన్న నియమమూ వచ్చింది. అందుకే 1970లలో ‘స్టీల్ కర్టెన్’ (పిట్స్‌బర్గ్ స్టీలర్స్ డిఫెన్స్) నాటి లెక్కనీ ఇప్పటి లెక్కనీ పక్కపక్కన పెట్టకండి. శాక్‌లని (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడాన్ని) అధికారికంగా లెక్కించడం 1982లో మొదలైంది. 1977లో అట్లాంటా ఫాల్కన్స్ 14 ఆటల్లో ఇచ్చింది 129 పాయింట్లే, అయినా 7-7తో ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు.

ఇంకొకటి: స్కోర్‌బోర్డు మీది పాయింట్లన్నీ డిఫెన్స్ ఇచ్చినవి కావు. 2000 సీజన్లో 16 ఆటలకి 165 ఇచ్చిన బాల్టిమోర్ రేవెన్స్‌కి స్టీల్ కర్టెన్ లాంటి స్థిరపడిన పేరే లేదు. సూపర్ బౌల్‌లో జెయింట్స్ మీద 34-7తో గెలిచారు. ఆ 7 జెయింట్స్ ఆటగాడు రాన్ డిక్సన్ 97 గజాల కికాఫ్ రిటర్న్‌తో వచ్చాయి, అప్పుడు మైదానంలో ఉండేది డిఫెన్స్ కాదు. రేవెన్స్ డిఫెన్స్ ఆ రోజు ఇచ్చింది సున్నా.